సజ్జమ్మకు నడుము వచ్చింది

రేలపెంట, అమ్రాబాద్ మండలం
3 సెప్టెంబర్ 2023

వదినా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇక్కడ ఫోన్ పలకదు. సిగ్నల్ కావాలంటే మన్ననూరు దాకా పోవాలి. కాబట్టి ఉత్తరాలకే అలవాటు పడదాం. నేను బాగున్నానని అన్నకు చెప్పు. ఆరోగ్య ఉపకేంద్రాన్ని ఆనుకుని ఉన్న గదిలోనే ఉంటున్నాను. పక్క గదిలో ఆయా భద్రమ్మ ఉంటుంది. పనిలో ఎక్కువ భాగం బీపీ, షుగర్ చూడడమే. వయసు పైబడిన ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడుగుతాను.

సజ్జమ్మను ఇక్కడికి తెచ్చుకుంటానని ఇంకోసారి అడిగాను. ఇంటి పిల్లుల రోగాలు అడవి జంతువులకు అంటుతాయని ఫారెస్టు ఆయన ఒప్పుకోలేదు. "మీ పిల్లి మా పులులకు చుట్టమే కావచ్చు మేడం, అయినా రానియ్యం" అని నవ్వాడు.

అది లావెక్కిందని రాశావు. నల్లగొండలో నేను కిరాయికున్న ఇంట్లో అది రోజంతా గోడల మీదే ఉండేది. మీది మూడో అంతస్తు. బయటికి వదలొద్దని షరతు పెట్టింది నేనే. మీ వీధిలో కుక్కలను, లారీలను చూశాక ఆ మాట వెనక్కి తీసుకోలేను. అందుకని లావెక్కితే తప్పు నీది కాదు, నాది. ఇక్కడికి రావడమూ నేను కోరుకున్నదే.

జడ్చర్లలో ఉజ్మా గుర్తుందా? నాతో పాటు నర్సింగ్‌లో చేరి, మధ్యలో మానేసి, ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుంది. వాళ్లింట్లో పిల్లులు ఎప్పుడూ ఉంటాయి. ఇంట్లో ఉండే పిల్లి పరుగెత్తడానికి చక్రం దొరుకుతుందని ఆమె చెప్పింది. కొంచెం పెద్దది చూసి తీసుకో. అన్న నవ్వితే నవ్వనీ.

మమత

*

మహబూబ్‌నగర్
24 సెప్టెంబర్ 2023

మమతా,

మీ అన్న నవ్వాడు. అది నువ్వు ఊహించిందే కాబట్టి వివరాలు రాయను.

మొదటి చక్రం ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఫొటోలో పెద్దగా ఉంది. డబ్బా విప్పితే కుందేలుకు సరిపోయేలా ఉంది. సజ్జమ్మను అందులో నిలబెడితే వీపు విల్లులా వంగింది. "గుంజీలు తీయిస్తున్నవా దానితోని?" అన్నాడు మీ అన్న. తిరిగి పంపేశాను. హైదరాబాద్‌లో ఒక కొట్టులో ఇంకోటి చూశాం. అది పెద్దదే గానీ, కాళ్లు పెట్టే చోట నిచ్చెనలాగా చువ్వలున్నాయి. ఆ సందుల్లో పంజా ఇరికితే ఏమవుతుందని అడిగితే, కొట్టువాడు ధర తగ్గిస్తానన్నాడు. వచ్చేశాం.

చివరికి ఉజ్మాకే ఫోన్ చేశాను. వాళ్ల నాన్న ఖాసింకు హైవే పక్కన వెల్డింగ్ షాపు ఉంది. చేసి పెడతానన్నాడు. కొలతలు నేనే ఇచ్చాను, లెక్కలు చెప్పే ఉద్యోగం ఎప్పుడో ఒకసారి పనికి రావాలి కదా. దారం ఆడిస్తూ సజ్జమ్మను పరుగెత్తించి, అది పూర్తిగా సాగినప్పుడు నేల మీద సుద్దతో గీత గీశాను. వీపు వంగకుండా ఉండాలంటే చక్రం దాదాపు నా ఛాతీ ఎత్తు వచ్చింది. ఖాసిం కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"పిల్లికేనా టీచరమ్మా? మా ఇంట్ల పిల్లులు గోడ దుంకుతయ్. గంతే."

మాకు గోడ లేదని చెప్పాను. అలవాటు చేయడం ఎలాగో రాయి.

వదిన

*

రేలపెంట
15 అక్టోబర్ 2023

వదినా,

ఉజ్మా చెప్పిందీ, నేను చదివిందీ కలిపి రాస్తున్నాను. దాన్ని ఎత్తి చక్రంలో పెట్టొద్దు, నెట్టొద్దు. కొన్నాళ్లు చక్రం కదలకుండా ఉంచి పక్కనే తిండి పెట్టు. తర్వాత చక్రం లోపల పెట్టు. అదే ఎక్కి ఒక అడుగు వేస్తే ఒక ముక్క ఇవ్వు. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్, గోరంత ముక్కలు. ఇంకేమీ వద్దు. పాలు అసలే వద్దు. అది అడుగుతుంది, నాకు తెలుసు. నువ్వు కరిగిపోతావు, అదీ తెలుసు.

నవంబర్‌లో అన్న మాల వేసుకుంటాడు కదా. దీక్ష ఉన్నన్నాళ్లూ ఇంట్లోకి మాంసం రాదు. దాని తిండి ఎట్లా?

మమత

*

మహబూబ్‌నగర్
26 నవంబర్ 2023

మమతా,

చక్రం వచ్చింది. ముందు తలుపులో పట్టలేదు. ఖాసిం దాన్ని రెండు ముక్కలుగా విప్పి, హాల్లో మళ్లీ బిగించాడు. లోపల చువ్వలు లేవు, చుట్టూ పలక, దాని మీద జారకుండా తివాచీ అంటించాడు. అతను తిప్పి చూపిస్తుంటే ఆ చప్పుడుకు కింది ఇంటి జంగయ్య పైకి వచ్చి, "మీ ఇంట్ల పిండి గిర్ని పెట్టిన్రా ఏంది?" అని అడిగాడు. కింద రబ్బరు ముక్కలు వేశాక చప్పుడు తగ్గింది.

సజ్జమ్మ మొదట అందులో కూర్చుంది. ఆటో ఎప్పుడు కదులుతుందా అని చూసే మనిషిలా కూర్చుంది, అంతే. మీ అన్న దీక్షలో ఆడవాళ్లందరినీ మాతా అనే పిలుస్తాడు కదా, దీన్నీ వదల్లేదు. నల్లబట్టలతో చక్రం ముందు వంగి, "మాతా, జర నడువుండ్రి" అని బతిమాలాడు. చక్రం వచ్చిన పదిహేను రోజులకు నడిచింది. ఇప్పుడు పరుగెత్తుతోంది. పరుగెత్తి, దిగి, నా మొహం చూస్తుంది.

తిండి గురించి ఫికరు పడకు. నువ్వు చెప్పిన ముక్కలే ఇస్తున్నాను. కింద జంగయ్య వాళ్లింట్లో ఉడికించి తెస్తున్నాను.

వదిన

*

రేలపెంట
17 డిసెంబర్ 2023

వదినా,

నీ ఉత్తరం భద్రమ్మకు చదివి వినిపించాను. "మనుషులకు లేదా గసొంటి చక్రం? మా ఆయనను ఎక్కియ్యాలె" అంది.

జంగయ్య వాళ్లింట్లో ఉడికించి తెస్తున్నావంటే ఆశ్చర్యం వేసింది. దీక్ష ఉన్న ఇంటి గడప దాటి ఆ ముక్కలు ఎలా తెస్తున్నావని అడగాలనుకున్నాను. అంత శ్రద్ధగా చూసుకుంటున్న మనిషిని అనుమానించడం మర్యాద కాదని ఊరుకున్నాను.

ఇన్నాళ్లూ నిద్రపోయే ముందు దాన్ని నాలుగు గోడల మధ్య పెట్టి వచ్చానని గుర్తొచ్చేది. ఈ నెల కొంచెం తగ్గింది. అది నీ వల్లే.

మమత

*

మహబూబ్‌నగర్
21 జనవరి 2024

మమతా,

మీ అన్న మాల తీశాడు. ఇంట్లో మళ్లీ మామూలు వంట.

సజ్జమ్మను చూస్తే నువ్వు గుర్తుపట్టవు. నడుము వచ్చింది. పొట్ట కింద వేలాడే చర్మం తప్ప కొవ్వు కనిపించడం లేదు. ఆకలి బాగా పెరిగింది, గిన్నె నాకేసి మళ్లీ వచ్చి నిలబడుతుంది. కష్టపడేవాళ్లకు ఆకలి ఉంటుంది కదా. నీళ్లూ అంతే. గిన్నె ఖాళీ చేసి బాత్రూంలో బకెట్ మీదికి వంగుతోంది. పరుగెత్తితే దాహం వేయదా? ఇసుక ట్రే సాయంత్రానికే తడిసి ముద్దవుతోంది. అదొక్కటే నాకు పెరిగిన పని.

మా కాలేజీలో ఇద్దరు ఖాసిం నంబరు తీసుకున్నారు. నేను ఒక పని మొదలుపెట్టి సరిగ్గా పూర్తిచేసి చాలా కాలమైంది. మీ అన్న కూడా ఇప్పుడు నవ్వడం లేదు.

వదిన

*

రేలపెంట
18 ఫిబ్రవరి 2024

వదినా,

ఆలస్యమైంది. శిక్షణలు, రిపోర్టులు. ఈ నెల అక్కడికి రావడం కుదరలేదు.

నడుము వచ్చిందని చదివి సంతోషపడ్డాను. ఇక్కడ పెద్దులు అనే ఆయన సంగతి రాస్తాను. మనిషి సగమయ్యాడు. కడవ పక్కన పెట్టుకుని నీళ్లు తాగుతున్నాడు. చూస్తే షుగర్ మీటర్ చివరి దాకా పోయింది. "అడివిల బాగ తిరుగుతుండు, అందుకే బక్కగైండు అనుకున్న" అన్నాడు కొడుకు. ఇన్నాళ్లూ ఇంట్లో కళ్ల ముందే ఉన్న మనిషిని ఎవరూ చూడలేదేమిటని కోపం వచ్చింది. ఆ కొడుకును నాలుగు మాటలన్నాను కూడా.

సజ్జమ్మకు నా ముద్దులు. చక్రం ఆపొద్దు.

మమత

*

మహబూబ్‌నగర్
10 మార్చి 2024

మమతా,

చక్రంలో ఏదో లోపం ఉంది. నీకు చెప్పకుండా సరిచేద్దామనుకున్నాను, కుదరలేదు.

వారం నుంచి సజ్జమ్మ వెనక కాళ్లు సరిగ్గా పడడం లేదు. పిల్లి వేళ్ల మీద నడుస్తుంది కదా. ఇది మడమలు నేలకు ఆనించి, చెప్పులు ఈడ్చుకుంటూ నడిచినట్టు నడుస్తోంది. సోఫా ఎక్కబోయి జారింది. నా కొలత తప్పిందేమో, వీపు మీద భారం పడిందేమో అనుకున్నాను. ఖాసింను పిలిపించాను. బేరింగులు విప్పి చూశాడు, తివాచీ మార్చాడు. చక్రం బరువుగా లేదు, వేలితో తిరుగుతోంది. ఇంకా పెద్దది చేయమంటావా అని అడిగాడు.

రెండు రోజులు ఆపి చూశాను. ఏ మార్పూ లేదు. కదలకపోతే కాళ్లు ఇంకా బిగుసుకుంటాయని మీ అన్న అంటే నిన్న మళ్లీ ఎక్కించాను. నాలుగడుగులు వేసి కూర్చుంది. నేను ముక్క చూపించాను. లేచి మళ్లీ నడిచింది. ఇప్పుడు ఏం చేయాలి?

వదిన

*

రేలపెంట
17 మార్చి 2024

వదినా,

నిన్న మన్ననూరు పోయి ఫోన్‌లో చెప్పగలిగింది రెండు మాటలే. దవాఖానకు తీసుకుపో, షుగర్ చూపించు. లైను తెగింది. ఈపాటికి చూపించి ఉంటావు. మిగతాది రాస్తున్నాను.

నీ ఉత్తరం మొన్న సాయంత్రం వచ్చింది. చదివి, జనవరిలో రాసింది కూడా తీసి చదివాను. ఎక్కువ తింటోంది, సన్నబడుతోంది, నీళ్లు తాగుతోంది, ట్రే తడుస్తోంది. నేను రోజూ జనాన్ని అడిగే ప్రశ్నలు అవే. వాటన్నిటికీ నువ్వు జవాబులు రాసి పంపావు. అడక్కుండానే రాశావు. నేను వాటిని భద్రమ్మకు చదివి వినిపించి నవ్వాను. ఆ తర్వాతే పెద్దులు కొడుకును తిట్టాను.

కాళ్లు చక్రం వల్ల పోలేదు. షుగర్ ముదిరితే పిల్లులకు వెనక కాళ్ల నరాలు అలా అవుతాయట, మన్ననూరులో ఫోన్ పలికిన కాసేపట్లో చూశాను. నీ కొలత తప్పు కాదు.

ఒక్కటి అడుగుతాను. చికెన్ మాత్రమే తినే పిల్లికి ఇంత తొందరగా ఇలా అవుతుందా? దానికి ఏం పెట్టావో ఉన్నది ఉన్నట్టు రాయి. డాక్టర్‌కు కూడా అదే చెప్పు.

మమత

*

మహబూబ్‌నగర్
25 మార్చి 2024

మమతా,

డాక్టర్ చెవి అంచున సూదితో గుచ్చి రక్తం చూశాడు. భయపడ్డా పిల్లులకు షుగర్ పెరుగుతుందట, అందుకని మూత్రం కూడా పరీక్షించాడు. రెండింటిలోనూ ఉంది. ఇన్సులిన్ మొదలుపెట్టాం. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, మధ్య పన్నెండు గంటలు. ముందు తినాలి, తర్వాతే సూది. సూది వేళ తప్పితే నష్టం, తినకుండా వేస్తే ప్రాణానికే ముప్పు. చక్రం ప్రస్తుతానికి కట్టేయమన్నాడు.

దీక్ష మొదలైన వారం రోజులు జంగయ్య వాళ్లింట్లో ఉడికించిన మాట నిజం. వాళ్లింటికి చుట్టాలొచ్చాక అడగడానికి మొహమాటపడ్డాను. ఆ రోజు మీ అన్న పూజకు తెచ్చిన పాలకోవా చేతిలో ఉంటే సజ్జమ్మ చక్రం దగ్గరికి వచ్చింది. చిదిమి పెట్టాను. తినడమే కాదు, మొదటిసారి పరుగెత్తింది. నీకు ఉత్తరం రాసింది ఆ మరునాడే. చక్రం తిప్పింది నువ్వు చెప్పిన ముక్కలు కాదు, కోవా. గిన్నెలో పాలన్నం. దీక్ష అయ్యాక ఆపాల్సింది. చికెన్ పెడితే వాసన చూసి, చక్రం దగ్గరికి పోయి నిలబడింది. కోవా ఇస్తేనే ఎక్కేది. అది ఎక్కకపోతే నాకు నచ్చేది కాదు. అందుకని ఇచ్చాను.

డాక్టర్‌తో ఇదంతా చెప్పాను. ముందే లావుగా ఉంది కాబట్టి వచ్చేది ఎలాగూ వచ్చేదేమో, తిండి వల్ల ఎంతో చెప్పలేం అన్నాడు. ఆ మాట పట్టుకుని తప్పించుకోవచ్చు. కాళ్లు ఈడుస్తున్న పిల్లికి నేను ఎదురుగా కూర్చుని కోవా చూపించాను. అది లేచి నడిచింది. అందులో అనుమానానికి తావు లేదు.

మీ అన్న తప్పు తనదంటున్నాడు. "దీక్ష నాది. దాని పొట్ట మాడ్చింది నేనే" అన్నాడు. కోవా సంగతి ఆయనకు తెలియదు. నేనే చెప్పలేదు.

దాన్ని వేరే చోట పెట్టాలనుకుంటే చెప్పు. నేనేమీ అనను.

సుహాసిని

*

రేలపెంట
9 ఏప్రిల్ 2024

వదినా,

కోపం వచ్చింది. రెండు వారాలు రాయకపోవడానికి అదొక కారణం. ఇంకో కారణం కూడా ఉంది.

ఫిబ్రవరిలో శిక్షణ జరిగింది మహబూబ్‌నగర్‌లోనే. రెండు రోజులు. మీ ఇంటికి ఆటోలో పది నిమిషాలు. కుదరలేదని నీకు రాసింది అబద్ధం. మొదటిరోజు సాయంత్రం బయల్దేరి క్లాక్ టవర్ దాకా వచ్చాను. అది నన్ను గుర్తుపడితే మళ్లీ వదిలి పోలేను. గుర్తుపట్టకపోతే అదీ భరించలేను. హాస్టల్‌కు తిరిగి పోయాను. మరునాడు బస్సెక్కాను.

అప్పుడు వచ్చి ఉంటే గుమ్మంలోనే తెలిసేది. దాన్ని చేతుల్లోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది, చర్మం పట్టుకుంటే తెలుస్తుంది. కాళ్లు అప్పటికి బాగున్నాయి. ఒక నెల ముందే సూది మొదలయ్యేది. నువ్వు కోవా పెట్టావు. నేను చూడడానికి రాలేదు. ఏది పెద్దదని తూచే హక్కు నాకు లేదు.

భద్రమ్మకు అంతా చెప్పాను. "మీ వదినె దాన్ని చంపలే గద. సూది ఏస్తాంది గద. ఇంకేం గావాలె నీకు?" అంది.

దాన్ని నీ దగ్గరే ఉంచు. ఇంకెక్కడికీ పంపొద్దు. షుగర్ ఎంత ఉందో రాస్తూ ఉండు.

మమత

*

మహబూబ్‌నగర్
26 మే 2024

మమతా,

నువ్వు ఫిబ్రవరిలో వచ్చిన సంగతి నాకు అప్పుడే తెలుసు. "మీ మరదలు బస్టాండ్ల కనవడ్డది. ఇంటికి రాలేదా?" అని జంగయ్య అడిగాడు. వచ్చి పోయిందని అతనికి చెప్పాను. మీ అన్నకు చెప్పలేదు. నిన్నూ అడగలేదు. ఎందుకు అడగలేదో కూడా రాయాలి. నాకు బాధ కలగలేదు. హాయిగా అనిపించింది. నువ్వు వచ్చి ఉంటే వంటింట్లో కోవా డబ్బా కనిపించేది.

ఇప్పుడు సజ్జమ్మ గురించి. షుగర్ దిగుతోంది, సూది మోతాదు తగ్గించారు. మాంసం తప్ప ఇంకేమీ పెట్టడం లేదు. వెనక మడమలు ఇంకా పూర్తిగా పైకి లేవలేదు గానీ సోఫా ఎక్కుతోంది. రెండు నెలల సెలవుల్లో ఒక్క సూదీ తప్పలేదు. ఇప్పుడు అది సగం పైగా తిన్నాక, ఇంకా గిన్నె నాకుతుండగానే వేసేస్తున్నాను, తల కూడా ఎత్తదు.

శనివారం నుంచి కాలేజీ. పొద్దున ఏడుకు పోతే పిల్లల స్టడీ అవర్ అయ్యాక రాత్రి తొమ్మిది దాటుతుంది. మీ అన్న కొల్లాపూర్‌లో వైరింగ్ పని పట్టాడు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాడేమో. నేను ఎన్ని రకాలుగా లెక్క వేసినా పన్నెండు గంటల ఎడం నిలవడం లేదు. ఎప్పుడో ఒకరోజు ఆలస్యమవుతుంది, నేను నీకు రాయను. నా సంగతి ఇప్పుడు నాకు తెలుసు.

నువ్వు నా దగ్గరే ఉంచమన్నావు. ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పను. అయినా నిన్న దాన్ని జడ్చర్ల తీసుకుపోయి ఉజ్మాకు అప్పగించాను. ఆమె రోజంతా ఇంట్లోనే కుడుతుంది. సూది వేయడం తెలుసు. వాకిలి చుట్టూ, పైనా ఖాసిం జాలీ బిగించాడు, ఎండ పడుతుంది, పిల్లి బయటికి పోలేదు. "దీనికి టైముకు తిండి పెట్టాలె, టైముకు సూది ఎయ్యాలె. నన్ను గిట్ల ఎవరన్న చూస్తే బాగుండు" అని ఉజ్మా నవ్వింది. చక్రం కూడా విప్పి పంపాను. కాళ్లు గట్టిపడ్డాక, తిన్న తర్వాత కాసేపు తిరిగితే మంచిదేనని డాక్టర్ అన్నాడు.

నేను చెప్పులు వేసుకుంటుంటే అది గిన్నె దగ్గర ఉంది. దాన్ని పిలవలేదు.

మీ అన్నకు కోవా సంగతి చెప్పాను. మూడో రోజు, "గప్పుడే చెప్తే నేను మాల తీస్తుంటినా? జంగయ్యను నేనే అడుగుతుంటి" అన్నాడు. నిజమే, అడిగేవాడు.

నీకు సెలవు దొరికితే కల్వకుర్తి మీదుగా వచ్చే బస్సెక్కు. ముందు జడ్చర్లలో దిగి దాన్ని చూడు. దాన్ని చూశాక కూడా మా ఇంటికి రావాలనిపిస్తే రా. రాకపోతే, ఎందుకు రాలేదని ఈసారి నేను అడుగుతాను.

వదిన